సిరా గీత చెప్పే జ్వరం లెక్క

* వెండి, కార్బన్ సిరాలతో పలుచని పొరలపై ఉష్ణోగ్రత సెన్సర్లు
* స్క్రీన్ ప్రింటింగ్ తెలిసిన చేతికి అందే విద్య
* అచ్చు సులువే.. కొలత నమ్మదగినదిగా ఉండటమే అసలు పరీక్ష

వేములవాడ: పెళ్లి పత్రికలపై అక్షరాలు అచ్చువేసే తెర అదే. సిరాను లాగే రబ్బరు పట్టీ అదే. చేతి ఒడుపూ అదే. మార్చవలసింది సిరా ఒక్కటే. రంగు సిరాకు బదులు వెండి పొడి లేదా కార్బన్ కలిసిన సిరాను వాడితే ప్లాస్టిక్ పొరపై పడేది ఉత్త గీత కాదు, కరెంటు పారే దారి. ఆ దారిలో కరెంటుకు ఎదురయ్యే నిరోధం వేడిని బట్టి మారుతుంది. మారిన నిరోధాన్ని కొలిస్తే ఉష్ణోగ్రత తెలిసిపోతుంది. కాగితంలా వంగే, చర్మానికి పట్టీలా అంటుకునే ఉష్ణోగ్రత సెన్సర్ల వెనుక ఉన్న సూత్రం ఇంతే.

సూత్రం చిన్నదే అయినా దాని అవసరం పెద్దది. వేసవిలో రామగుండం ఎండకు, చలికాలంలో ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోయే ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేలకు మధ్య బతికే ఉత్తర తెలంగాణలో ఒకటి రెండు డిగ్రీల తేడా కొందరికి ప్రాణాల మీదికి తెస్తుంది. ముఖ్యంగా నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పసికందులకు. ఆశ కార్యకర్త వచ్చి థర్మామీటరు పెట్టి చూసిన వేళ బిడ్డ ఒళ్లు వెచ్చగానే ఉండవచ్చు. అర్ధరాత్రి చల్లబడితే చెప్పేదెవరు? ఒంటికి అంటుకొని ఉండి, గుచ్చుకోకుండా, తక్కువ ఖర్చుతో, ఎడతెగకుండా చూసే కొలత సాధనం కోసం శాస్త్రవేత్తలు సిరా వైపు చూడటానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంట్లో ఉన్నదే ఈ సిరా

వాహక సిరా అనగానే కొత్త వింతగా తోచవచ్చు. నిజానికి అది ఏనాడో మన ఇళ్లలోకి వచ్చింది. షుగర్ పరీక్షకు రక్తపు చుక్క వేసే పట్టీపై కనిపించే నల్లని గీతలు చాలావరకు స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలో వేసిన కార్బన్ సిరా గీతలే. కంప్యూటర్ కీబోర్డును విప్పి చూస్తే లోపల పలుచని పాలియెస్టర్ పొర, దానిపై వెండి రంగు దారులు కనిపిస్తాయి. మీట నొక్కినప్పుడు రెండు పొరలపై ఉన్న దారులు కలుసుకొని అక్షరం పడుతుంది. ఇళ్ల కప్పులపై బిగిస్తున్న సౌర ఫలకల ముఖంపై సన్నని తెల్లని గీతలు కూడా వెండి ముద్దను తెర గుండా అచ్చువేసి కాల్చినవే.

ఈ కోవలో తర్వాతి మెట్టే ఉష్ణోగ్రత సెన్సర్. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బ్రిటన్, మార్గిట్ హార్టింగ్ సిలికాన్ నానో రేణువులతో సిరా తయారుచేసి, కాగితం వంటి పలుచని పొరలపై ఉష్ణోగ్రత సెన్సర్లను అచ్చువేశారు. ఆ పరిశోధన నుంచి పీఎస్‌టీ సెన్సర్స్ అనే సంస్థ పుట్టింది.

సిరాలో ఏముంటుంది?

వెండి సిరాలో మూడు పాళ్లు ఉంటాయి. మొదటిది వెండి. కంటికి ఆనని సన్నని రేకుల రూపంలోనో, అంతకంటే ఎన్నో రెట్లు చిన్నవైన నానో రేణువుల రూపంలోనో ఉంటుంది. రెండోది ఆ రేణువులను ఒకదానికొకటి, అడుగు పొరకు పట్టి ఉంచే జిగురు. మూడోది సిరా జారేలా చేసే ద్రావకం. అచ్చు వేసిన తర్వాత వేడి చేస్తే ద్రావకం ఆవిరైపోతుంది, జిగురు బిగుసుకుంటుంది, వెండి రేకులు ఒకదానినొకటి తాకుతాయి. ఆ తాకిడి ఏర్పడితేనే కరెంటు పారుతుంది. తడి ఆరని గీతలో వెండి ఎంత ఉన్నా ఫలితం ఉండదు.

ఇక్కడే ఒక చిక్కు. ముద్ద వెండి కరగాలంటే దాదాపు 962 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అడుగున ఉన్న మామూలు పాలియెస్టర్ పొర 150 డిగ్రీలకు చేరువైతేనే ముడుచుకుపోతుంది. కాబట్టి వెండిని కరిగించే ప్రశ్నే లేదు. రేకుల సిరా అయితే ఒకదానిపై ఒకటి ఒరిగి తాకితే చాలు. నానో రేణువుల సిరా అయితే మరో సౌలభ్యం ఉంది. రేణువు అతి చిన్నదైన కొద్దీ దాని అంచులు తక్కువ వేడికే పక్కదానితో అతుక్కుంటాయి. 120 నుంచి 150 డిగ్రీల పొయ్యిలో కొద్ది నిమిషాలు ఉంచితే పని జరుగుతుంది. ఇంకా ఎక్కువ వేడి కావలసిన చోట తేనె రంగులో ఉండే పాలీఇమైడ్ పొరను వాడతారు. అది 300 డిగ్రీలు దాటినా చెక్కుచెదరదు.

సిరిసిల్ల మరమగ్గాలపై నేసే పాలియెస్టర్ బట్టకు, ఈ పాలియెస్టర్ పొరకు మూల పదార్థం ఒక్కటే. ఒకటి దారంగా లాగినది, రెండోది పలుచని పొరగా సాగదీసినది. వాహక సిరాను బట్టపైనే అచ్చువేసే ప్రయత్నాలు కూడా పలు దేశాల్లో సాగుతున్నాయి. అయితే బట్ట సిరాను పీల్చుకుంటుంది, ఉతికితే గీత పగులుతుంది. అందుకే ముందుగా నునుపైన పూత వేసి దానిపై అచ్చువేయడమో, పొరపై అచ్చువేసి బట్టకు అతికించడమో చేస్తున్నారు.

కరీంనగర్ ఫిలిగ్రీకి, సెన్సర్‌కు పోలిక

భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీని చూసినవారికి సెన్సర్ రూపం వెంటనే అర్థమవుతుంది. వెండిని సన్నని తీగగా లాగి, మెలికలు తిప్పి, చిన్న చట్రంలో ఎంతో పొడవు తీగను ఇమిడ్చే కళ అది. సెన్సర్ గీతనూ అలాగే పాము నడకలా ముందుకూ వెనక్కూ మెలికలు తిప్పి గోరంత చోటులో పొడవైన దారిని ఇముడుస్తారు. దారి పొడవైన కొద్దీ, సన్ననైన కొద్దీ నిరోధం పెరుగుతుంది. నిరోధం తగినంత ఉంటేనే వేడికి వచ్చే చిన్న మార్పు మీటరుకు అందుతుంది.

ఫిలిగ్రీ నుంచి నేర్చుకోదగిన మరో విషయం ఉంది. గాలిలోని గంధకం తగిలి వెండి నగ నల్లబడటం అందరూ చూసేదే. ఆ నలుపు వెండి సల్ఫైడ్. 1833లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే వెండి సల్ఫైడ్‌ను వేడిచేసి కరెంటు పంపగా లోహాలకు భిన్నంగా జరిగింది. లోహాలు వేడెక్కితే కరెంటు పారడం కష్టమవుతుంది. ఈ నల్లని పదార్థంలో మాత్రం వేడి పెరిగిన కొద్దీ కరెంటు మరింత తేలికగా పారింది. నేడు డిజిటల్ థర్మామీటరు కొనలో ఉండే థర్మిస్టర్‌కు మూలమైన గుణాన్ని మొదట గుర్తించింది అప్పుడే.

వెండిది ఒక దారి, కార్బన్‌ది మరో దారి

అచ్చు సెన్సర్లలో ఈ రెండు గుణాలనూ వాడతారు. వెండి లోహం. వేడెక్కితే దాని అణువులు ఎక్కువగా కంపించి ఎలక్ట్రాన్ల దారికి అడ్డు తగులుతాయి. నిరోధం పెరుగుతుంది. మేలిమి వెండిలో ఈ పెరుగుదల డిగ్రీకి వందకు 0.38 పాళ్లు. అచ్చు గీతలో జిగురు, రేణువుల మధ్య సందులు ఉండటం వల్ల సాధారణంగా అంతకంటే తక్కువ ఉంటుంది. కార్బన్, గ్రాఫీన్, వాహక ప్లాస్టిక్ సిరాల్లో చాలావరకు తీరు తలకిందులు. అక్కడ ఎలక్ట్రాన్లు ఒక రేణువు నుంచి మరో రేణువుకు దూకవలసి ఉంటుంది. వేడి ఆ దూకుడుకు సాయపడుతుంది కాబట్టి నిరోధం తగ్గుతుంది.

రెంటిలో ఏది మేలు? వెండి గీతలో మార్పు చిన్నది గాని తిన్నగా, లెక్కకు అందేలా ఉంటుంది. కార్బన్ రకాల్లో మార్పు పెద్దదిగా రాబట్టవచ్చు, ధర తక్కువ. అయితే తేమకు, కాలానికి త్వరగా లోనవుతాయి. వెండి ధర పెరిగిన కొద్దీ కార్బన్ వైపు, రాగి వైపు మొగ్గు పెరుగుతోంది. రాగి చవకే గాని గాలి తగిలితే చిలుము పట్టి వాహకగుణం కోల్పోతుంది. దానిని కాపాడటం వేరే ఖర్చు.

హైదరాబాద్ ప్రయోగశాలల్లో

ఈ రంగంలో మన రాష్ట్రానికీ చోటుంది. ఐఐటీ హైదరాబాద్‌కు చెందిన పరీక్షిత్ సహాతియ, సుష్మీ బధూలిక తమ సహచరులతో కలిసి పాలీఇమైడ్ పొరపై గ్రాఫీన్‌తో వంగే ఉష్ణోగ్రత సెన్సర్‌ను తయారుచేసి 2016లో ఆ వివరాలను అంతర్జాతీయ శాస్త్ర పత్రికలో ప్రచురించారు. అందులో వాడిన గ్రాఫీన్‌లో ఒక రకం సూర్యరశ్మితో తయారైనది. భూతద్దంతో ఎండను ఒకచోట కేంద్రీకరించి కాగితాన్ని కాల్చే ఆట పిల్లలందరికీ తెలిసినదే. గ్రాఫైట్ ఆక్సైడ్‌పై అలాగే ఎండను కేంద్రీకరిస్తే పొరల మధ్య చిక్కుకున్న ఆక్సిజన్ ఒక్కసారిగా వాయువుగా ఎగదన్ని పొరలను విడదీస్తుంది. ఎండకు కొదవలేని ప్రాంతానికి తగిన పద్ధతి ఇది. వేడి పెరిగిన కొద్దీ ఈ సెన్సర్ నిరోధం తగ్గుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ పదార్థాల పరిశోధన సంస్థ సీ-మెట్‌కు పుణె, హైదరాబాద్, త్రిశూర్‌లలో ప్రయోగశాలలు ఉన్నాయి. త్రిశూర్ శాఖ శాస్త్రవేత్త డాక్టర్ ఎ.సీమ థర్మిస్టర్ సెన్సర్లతో ఒంటికి ధరించే పరికరాన్ని రూపొందించారు. రొమ్ము క్యాన్సర్ అనుమానాన్ని చర్మపు వేడిలోని తేడాల ద్వారా ముందే పసిగట్టడం దాని ఉద్దేశం. 2018 సంవత్సరానికి నారీశక్తి పురస్కారాన్ని ఆమె 2019 మార్చి 8న అందుకున్నారు. ఒంటి వేడిని ఒకేచోట కాక పలుచోట్ల కొలవడం వల్ల ఎంత తెలుసుకోవచ్చో ఈ పరికరం చూపుతుంది. అచ్చు సెన్సర్ల బలమూ అక్కడే ఉంది. ఒకే పొరపై ఒకటి వేసినా, యాభై వేసినా తెర లాగేది ఒక్కసారే.

అచ్చు వేసే తీరు

చట్రానికి బిగించిన సన్నని జాలీ బట్టకు వెలుగు తగిలితే గట్టిపడే రసాయనం పూస్తారు. సెన్సర్ బొమ్మ ఉన్న ఫిల్మును దానిపై ఉంచి వెలుగు చూపిస్తారు. నల్లని గీతల కింద వెలుగు తగలదు కాబట్టి అక్కడి పూత నీటితో కడిగితే పోతుంది. మిగిలిన భాగం మూసుకొని ఉంటుంది. తెరపై సిరా వేసి రబ్బరు పట్టీతో లాగితే తెరిచి ఉన్న గీతల గుండా మాత్రమే కిందికి దిగుతుంది. పట్టణంలో స్క్రీన్ ప్రింటింగ్ చేసేవారికి ఇందులో తెలియనిదేమీ లేదు.

తేడా తర్వాత మొదలవుతుంది. పత్రికపై గీత కాస్త పలుచనైతే రంగు తగ్గుతుంది, అంతే. సెన్సర్‌లో గీత పలుచనైతే నిరోధమే మారిపోతుంది. ముందు వెండి కొనలు అచ్చువేసి ఆరబెట్టాలి. రెండో తెరతో వాటి మధ్య కార్బన్ మచ్చ వేయాలి. మూడో తెరతో పైన రక్షణ పూత వేయాలి. రెండు రంగుల పత్రికలో రెండో రంగు వెంట్రుకవాసి జరిగితే అక్షరం నీడపడినట్లు కనిపిస్తుంది. ఇక్కడ జరిగితే సెన్సర్ పనికిరాదు. పట్టీ ఒత్తిడి, దాని వాలు, సిరా చిక్కదనం, పొయ్యి వేడి ప్రతి షీటుకూ ఒకేలా ఉండాలి. చిన్న మొత్తాల్లో, తరచూ రూపం మార్చుతూ చేయాలనుకున్నప్పుడు తెర లేకుండా ఇంక్‌జెట్ యంత్రంతోనూ సిరా చుక్కలను నేరుగా వేస్తారు. దానికి చిల్లు మూసుకుపోని నానో సిరా కావాలి.

వంపుతోనే అసలు చిక్కు

వంగగలగడం ఈ సెన్సర్ల గొప్పతనం. వాటికి ఎదురయ్యే పెద్ద చిక్కూ అదే. ఒక చిన్న లెక్క చూద్దాం. 100 ఓమ్‌ల నిరోధం ఉన్న వెండి గీత ఒక డిగ్రీకి 0.2 ఓమ్ మారుతుందనుకుందాం. ఆ గీతను వందకు ఒక పాలు సాగదీస్తే పొడవు ఒక పాలు పెరుగుతుంది, మందం, వెడల్పు తగ్గుతాయి. రెండూ కలిసి నిరోధం దాదాపు 2 ఓమ్‌లు పెరుగుతుంది. వేడి ఏమాత్రం మారకున్నా మీటరు మాత్రం పది డిగ్రీలు పెరిగినట్లు చెబుతుంది.

వందకు ఒక పాలు సాగడం అరుదే గాని అందులో పదో వంతు సాగడానికి పెద్ద శ్రమ అక్కరలేదు. ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం ఉన్న పొరను రెండున్నర సెంటీమీటర్ల వ్యాసార్థంతో వంచితే చాలు. పై గీత ఆ మేరకు సాగి ఒక డిగ్రీ తప్పు చూపుతుంది. పసిబిడ్డ చేయి అంతకంటే సన్నగా ఉంటుంది కాబట్టి తప్పు మరింత పెరుగుతుంది. 37 డిగ్రీలకు, 38 డిగ్రీలకు మధ్య ఉన్నది ఆరోగ్యానికి, జ్వరానికి మధ్య ఉన్న గీత. అక్కడ డిగ్రీ తప్పు సహించరానిది.

దీనికి కొన్ని మార్గాలు కనుగొన్నారు. గీతను పైన కాక సమాన మందం గల రెండు పొరల నడుమ ఉంచితే వంచినప్పుడు అది సాగదు, నొక్కుకోదు. బండి ఇరుసు వద్ద కదలిక లేనట్లే నడి పొర నిలకడగా ఉంటుంది. మరో మార్గం పక్కపక్కనే రెండు గీతలు వేయడం. వేడికి ఒకటి ఎక్కువగా, మరొకటి తక్కువగా స్పందించేలా సిరాలు ఎంచుకుంటే వంపు వల్ల వచ్చిన మార్పును లెక్క కట్టి తీసివేయవచ్చు. ఒంటిపై వంపు తక్కువగా ఉండే చోటు చూసి అంటించడం అన్నిటికంటే తేలిక.

చెమట, తేమ రెండో శత్రువు. కార్బన్ సిరాలోని జిగురు తేమ పీల్చి ఉబ్బుతుంది, రేణువులు దూరమవుతాయి, నిరోధం మారుతుంది. తడి, కరెంటు రెండూ కలిసిన చోట వెండి మెల్లగా ఒక గీత నుంచి పక్క గీతకు పాకి రెంటినీ కలిపేస్తుంది. అందుకే పైన గాలి, నీరు చొరని రక్షణ పొర తప్పనిసరి. కొలిచే కరెంటు కూడా అతి స్వల్పంగా ఉండాలి. లేకుంటే సెన్సర్ తన వేడిని తానే కొలుచుకుంటుంది.

పసికందుకు ఒరిగేదేమిటి?

నవజాత శిశువు చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. 36.5 కంటే తగ్గితే చలి పట్టినట్లు, 36 కంటే తగ్గితే మరింత జాగ్రత్త పడవలసినట్లు, 32 కంటే తగ్గితే ప్రాణాపాయం. తక్కువ బరువు బిడ్డల ఒంట్లో వేడిని నిలిపే కొవ్వు తక్కువ. బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. తడి తుడవడం ఆలస్యమైనా, పుట్టగానే స్నానం చేయించినా గబగబా చల్లబడతారు.

2011లో మొదలైన ఇంటి వద్దే నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను ఆశ కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు చూసి బరువు, ఉష్ణోగ్రత నమోదు చేయవలసి ఉంటుంది. ఆ ఆరు కొలతల నడుమ ఉన్న రాత్రులకు లెక్క లేదు. ఒంటికి అంటుకొనే అచ్చు సెన్సర్ పూరించగల ఖాళీ అది. అయితే చర్మంపై వేడి, ఒంటి లోపలి వేడి ఒకటి కాదు. గాలి తగిలే చోట చర్మం రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండవచ్చు. కనుక సెన్సర్‌ను ఎక్కడ అంటించాలి, పైన ఏమి కప్పాలి అన్నది కూడా కొలతలో భాగమే. ఏ పరికరమైనా తల్లి గుండెలకు బిడ్డను హత్తుకొని వెచ్చగా ఉంచే కంగారూ సంరక్షణకు బదులు కాదు. బిడ్డ చల్లబడుతోందని ముందుగా చెప్పగలదు, అంతే.

అచ్చు సిరా ఉష్ణోగ్రతను కాపలా కాయడం ఆరోగ్య కేంద్రాలకు కొత్త కాదు. పోలియో చుక్కల సీసాపై ఉండే గుండ్రని గుర్తు, దాని లోపలి చతురస్రం 1996 నుంచి వాడుకలో ఉన్నవే. వేడి తగిలిన కొద్దీ చతురస్రం ముదురుతుంది. అది చుట్టూ ఉన్న వలయం రంగుకు చేరితే ఆ మందు వాడరాదు. అందులో కరెంటు లేదు, అంకె లేదు. వాహక సిరా సెన్సర్ ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అన్నది అంకెల్లో చెప్పి ఫోన్‌కు పంపగలదు. రక్తనిధి సంచులకు, విద్యుత్ స్కూటర్ల బ్యాటరీ గడుల మధ్య దూర్చడానికి ఇటువంటి పలుచని సెన్సర్లు అనువైనవి.

విద్యార్థులు చేసి చూడవచ్చు

ఈ సూత్రాన్ని పాఠశాలలోనే పరీక్షించవచ్చు. 6బీ లేదా 8బీ రకం మెత్తని పెన్సిల్‌తో మందపాటి కాగితంపై అగ్గిపుల్లంత వెడల్పు, రెండంగుళాల పొడవు గీతను నల్లగా పలుమార్లు రుద్దాలి. రెండు కొనలకూ క్లిప్పులు తగిలించి మల్టీమీటరును కిలో ఓమ్‌లపై ఉంచాలి. గోరువెచ్చని నీళ్లున్న స్టీలు గ్లాసుకు కాగితం వెనుక వైపు ఆనిస్తే అంకె సాధారణంగా తగ్గుతుంది. గ్లాసు తీస్తే తిరిగి పెరుగుతుంది. తర్వాత కాగితాన్ని కొద్దిగా వంచి చూడాలి. నోటి ఆవిరి ఊది చూడాలి. అంకె మళ్లీ మారుతుంది. ఏ మార్పు వేడిది, ఏది వంపుది, ఏది తేమది అని విడదీయబోతే ఈ రంగంలోని శాస్త్రవేత్తల కష్టం అర్థమవుతుంది.

తర్వాతి మెట్టు క్రమాంకనం. సెన్సర్‌ను నీరు చొరని సంచిలో ఉంచి కరుగుతున్న మంచులో ఒకసారి, ప్రామాణిక థర్మామీటరు చూపే 35, 37, 39 డిగ్రీల నీటిలో ఒక్కోసారి కొలవాలి. వేడి పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి చూడాలి. రెండుసార్లూ ఒకే అంకె రావాలి. వారం తర్వాత మళ్లీ అదే రావాలి. వైద్యానికి వాడే థర్మామీటరు నుంచి ఆశించేది 0.1 డిగ్రీ ఖచ్చితత్వం. అచ్చు వేసిన గీత ఈ పరీక్షలన్నీ నెగ్గితేనే ఉష్ణమాపకం అనిపించుకుంటుంది.

కొండగట్టు సమీపంలోని నాచుపల్లిలో, సిరిసిల్లలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. వేములవాడ, సిరిసిల్ల పట్టణాల్లో తెర పట్టడం తెలిసిన ముద్రణ కార్మికులు ఉన్నారు. ఫ్లెక్సీలు, డిజిటల్ ముద్రణ వచ్చాక ఆ చేతులకు పని తగ్గింది. షీటు షీటుకూ తేడా రాకుండా గీత వేయగల ఒడుపు వారిది, ఆ గీతను కొలిచి తప్పొప్పులు తేల్చగల చదువు విద్యార్థులది. ఈ రెండూ ఒక బల్ల దగ్గర కలిస్తే చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఇంతకంటే ఉపయోగకరమైన అంశం దొరకదు.

అంతవరకు తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసింది ఒకటే. బిడ్డ పాదాలు, పొట్ట రెండూ చల్లగా తగిలినా, పాలు తాగడం మానేసినా, మందకొడిగా ఉన్నా ఏ పరికరం కోసమూ ఎదురుచూడరాదు. బిడ్డను ఛాతీకి హత్తుకొని కప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.